దాల్చినచెక్క రంగు బూజు

2022 వానాకాలం. తెనాలిలో ఒక ప్రైవేటు ల్యాబులో మైక్రోబయాలజీ గది నాది. రక్తం, చీము, కళ్లె, మూత్రం, ఏది వచ్చినా అందులో ఏ సూక్ష్మజీవి దాక్కుందో పట్టుకునే పని. అప్పటికే ఇరవై మూడేళ్ల సర్వీసు. నన్ను వెనకాల 'సీఐడీ సుశీల' అంటారని నాకు తెలుసు. మూత్రం సీసా తెచ్చినవాళ్లని "ఎన్నింటికి పట్టారు? ఇంట్లోనా, ఇక్కడా? సీసా ఎవరిచ్చారు?" అని అడగందే మూత తియ్యను. ఒకసారి చుండూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన "అమ్మా, నేను మూత్రం ఇచ్చాను గానీ దొంగతనం చెయ్యలేదండి" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే చనువిచ్చినట్టవుతుంది.

మా పనే అలాంటిది. గాల్లో, చేతుల మీద, సీసా మూతకింద, అన్నిచోట్లా ఏదో ఒకటి ఉంటుంది. క్రిముల్ని పెంచే ప్లేటు మీద ఏదైనా పెరిగితే మొదటి ప్రశ్న ఒకటే: ఇది రోగి లోపలిదా, బయట నుంచి పడిందా? బయటిదైతే దాన్ని కంటామినేషన్ అంటాం, పక్కన పెడతాం. ఆ తేడా తెలియనివాళ్లకి ఈ గదిలో చోటు లేదని నా కింద పనిచేసేవాళ్లకి చెబుతుండేదాన్ని. మెల్లగా చెప్పే అలవాటు నాకు లేదు.

సెప్టెంబరులో ఒక ఫైలు వచ్చింది. నాగరత్నం, ముప్పై ఎనిమిదేళ్లు, ఊరు నిజాంపట్నం. ఎండుచేపల పని చేస్తుంది, పొద్దున్నుంచీ నిలబడే ఉండాలి. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది. ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. బాగానే ఉంది అనుకునేసరికి జ్వరం పట్టుకుంది. రేపల్లెలో చూపిస్తే టైఫాయిడ్ అన్నారు. విడాల్ టెస్టు పాజిటివ్ అట! విడాల్ గురించి నా దగ్గర ఎత్తకండి. మా వైపు దారిన పోయేవాళ్ల రక్తం పెట్టినా అది ఎంతో కొంత పాజిటివ్ చూపిస్తుంది. టైఫాయిడ్ మందులకి తగ్గలేదు. బాపట్ల వెళితే మలేరియా కావచ్చన్నారు, ఆ తర్వాత టీబీ కావచ్చన్నారు. అలా రెండు నెలలు తిరిగి తిరిగి తెనాలిలో డాక్టర్ హరిగారి దగ్గరికొచ్చారు. ఆయన గుండె డాక్టరు. ఎకో అనే గుండె స్కాన్ తీస్తే కవాటం అంచున ఏదో ఊగుతోంది. దాన్ని వెజిటేషన్ అంటారు, క్రిములు గూడు కట్టుకుని పేరుకున్న ముద్ద. జబ్బు పేరు ఎండోకార్డైటిస్. ఏ క్రిమో తెలిస్తే గానీ సరైన మందు పడదు. తెలుసుకోవడానికి మూడు సీసాల రక్తం మా ల్యాబుకి పంపారు. ఏమీ పెరగలేదని రిపోర్టు వెళ్లింది. కింద సంతకం నాదే.

క్రిమి తెలియకపోయినా ఆగడానికి లేదు కాబట్టి బ్యాక్టీరియా మందులు మొదలుపెట్టారు. జ్వరం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కేది.

ఒకరోజు పొద్దున్నే నాగరత్నం ఎడమకాలు మంచులా చల్లబడి పాలిపోయింది. హరిగారు నాకు ఫోన్ చేశారు.

"సుశీలగారూ, గుండెలో ముద్ద తెగి తొడ దగ్గర పెద్ద రక్తనాళానికి అడ్డం పడింది. సర్జన్‌ని గుంటూరు నుంచి పిలిపించాను, తీస్తున్నారు. అంత పెద్ద నాళానికి అడ్డం పడిందంటే ఎంత ముక్క ఊడి ఉండాలో ఆలోచించండి, బ్యాక్టీరియా ముద్దలు అంత పెద్దవి కావడం అరుదు. పైగా మీ దగ్గర రక్తంలో ఏమీ పెరగలేదు. నాకు ఫంగస్ మీద అనుమానంగా ఉంది."

ఫంగస్ అంటే బూజు. రొట్టె మీద పట్టే బూజు జాతే గుండె కవాటం మీద పట్టడం. ఇరవై మూడేళ్లలో పుస్తకంలో చదవడమే గానీ కళ్లతో చూసింది లేదు. "ముక్క పంపించండి, చూద్దాం" అన్నాను.

గంటన్నరకి ముక్క వచ్చింది. మూత తియ్యకముందే ముక్కుకి ఘాటు తగిలింది. ఫార్మలిన్! ఆపరేషన్‌లో ఏది తీసినా అలవాటుగా ఫార్మలిన్‌లో పడేస్తారు. అందులో పడితే ముక్క కుళ్లదు, నిజమే. కానీ క్రిమి చచ్చిపోతుంది. దాన్ని చూడగలం గానీ పెంచలేం. పెంచకపోతే పేరు తెలియదు. కల్చర్‌కి కావాలంటే నార్మల్ సెలైన్‌లో వెయ్యాలని ఎన్నిసార్లు చెప్పాను! నా ఒళ్లు మండిపోయింది. ఆపరేషన్ థియేటర్‌కి ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెడుతుంటే, సీసా తెచ్చినాయన నా కౌంటర్ ముందు కదలకుండా నిలబడ్డాడు. నల్లగా, గట్టిగా ఉన్నాడు. చంకలో ఫైలు, చేతిలో చిన్న ఫ్లాస్కు.

"మా ఆవిడ ముక్కండీ అది. పాడైపోయిందా?" అన్నాడు.

ఆయన కోటయ్య. నాగరత్నం భర్త, నిజాంపట్నం హార్బరులో బోటు సరంగు, అంటే బోటూ అందులో మనుషులూ ఆయన చెప్పినట్టు నడవాలి. 

"పాడవలేదు గానీ నా పనికి పనికిరాదండి" అన్నాను.

"ఇంకో ముక్క ఉంది."

"ఎక్కడ?"

ఫ్లాస్కు మీద చెయ్యేశాడు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఆపరేషన్‌లో తీసింది ఏదైనా, రాయైనా, గడ్డైనా, ట్రేలో పెట్టి బంధువులకి చూపించాలి. చూపించకపోతే అసలు తీశారో, ఊరికే కోసి కుట్టారో అని అనుమానం. కోటయ్య చూడటంతో ఆగలేదట. "రెండు నెలల్లో మూడు జబ్బులు చెప్పారు, నాలుగోది చెబుతున్నారు. నా చేతికో ముక్క ఇవ్వండి, గుంటూరులో వేరేచోట చూపించుకుంటా" అని పేచీ పెట్టాడు. థియేటర్ నర్సమ్మ, పాపం, పీడా వదులుతుందని కొత్త సీసాలో ఇంత సెలైన్ పోసి వేలిగోరంత ముక్క వేసిచ్చింది. చేపలవాళ్లకి ఏదైనా పాడవకూడదంటే ఐసు కదా. ఈయన ఫ్లాస్కులో ఐసు పోయించి సీసా అందులో పెట్టాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం అనుమానమూ లేచింది.

"ఆ సీసా కొత్తదేనా? మూత మీరు తీశారా? ఐసు ఎక్కడిది? ఐసు నీళ్లు సీసాలోకి దిగాయా? నిజం చెప్పండి."

"ఏంటమ్మా, నన్ను ముద్దాయిని చేస్తున్నావు? సీలు టేపు చూడు. నేను ముట్టలేదు."

"ఇటివ్వండి."

"ఇవ్వను. ఇది నా సాక్ష్యం. మీరందరూ ఒకటే. ఇది కూడా మందులో ముంచి పనికిరాదంటే నేనెక్కడికి పోవాలి?"

ఇద్దరం గుడ్లురిమి చూసుకున్నాం. అబద్ధమెందుకు, ఆ మనిషి నాకు నచ్చాడు. నా జాతే అనిపించింది. చివరికి ఒప్పందానికొచ్చాం: గాజు తలుపుకి అవతల ఆయన నిలబడతాడు, ఇవతల ఆయన చూస్తుండగా నేను పని చేస్తాను, చేసిన ప్రతిదీ చెబుతాను.

ముక్క పైభాగం నేను నమ్మను, దానికి గాలి తగిలింది. పైపొర తీసేసి, వేరే బ్లేడుతో నడిమధ్యలోంచి కోశాను. అందులో కొంచెం గాజుపలక మీద పెట్టి కేఓహెచ్ చుక్క వేశాను. ఆ మందు కండనీ రక్తాన్నీ కరిగించి ఫంగస్‌ని మాత్రం మిగులుస్తుంది. మైక్రోస్కోపులో పెట్టి చూశాను. దారాలు. గడ్డివాములో గడ్డిలాగా ఒకదాని మీద ఒకటి, పాయలు చీలిన దారాలు. ఎంత అనుమానపు దాన్నయినా ఇక్కడ అనుమానించడానికేం లేదు. పైనుంచి పడిన బూజు గంటన్నరలో, అదీ ఐసులో, ముక్క నడుమ దాకా దారాలు పాకించలేదు. కోటయ్యని లోపలికి పిలిచి కన్ను పెట్టి చూడమన్నాను. చాలాసేపు చూశాడు.

"ఇదా జ్వరం?"

"ఇదేనండి."

"దీనికి మందుందా?"

"ఉంది. కానీ ఇది ఏ రకమో తెలియాలి. నాలుగైదు రోజులు పెంచితే గానీ చెప్పలేను."

మిగిలిన ముక్కని ఫంగస్ పెరిగే ప్లేట్ల మీద పెట్టాను. హరిగారు ఆ సాయంత్రమే యాంఫోటెరిసిన్ మొదలుపెట్టారు. బలమైన మందు, మూత్రపిండాలని దెబ్బతీసే మందు. "మీ మాట మీద మొదలుపెడుతున్నానండీ. కంటామినేషన్ అయితే అన్యాయంగా ఆవిడ కిడ్నీలు పోతాయి" అన్నారు. రెండోరోజుకి ఫార్మలిన్ ముక్కని చూసిన పాథాలజీ వాళ్లు కూడా దారాలే ఉన్నాయన్నారు. ఫంగస్ ఖాయం. అయినా మూడోరోజుకీ జ్వరం అలాగే ఉంది, కిడ్నీలు దెబ్బతింటున్నాయని చెప్పే క్రియాటినిన్ మాత్రం ఎక్కుతోంది. రక్తనాళం తెరిచినా ఆలస్యమైంది, కాలివేళ్లు నల్లబడ్డాయి. కోటయ్య రోజూ వచ్చి గాజు తలుపు దగ్గర నిలబడి "పెరిగిందా?" అని అడిగి పోయేవాడు.

నాలుగోరోజు పొద్దున ప్లేటు తీశాను. పెరిగింది. వెల్వెట్ గుడ్డలాగా, దాల్చినచెక్క రంగులో. సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఆ రంగు నేనింతకు ముందు చూశాను. మా గదిలోనే చూశాను.

ఇక దాచడానికేముంది. నాగరత్నం రక్తం మూడు సీసాలు వచ్చాయని చెప్పాను కదా. అందులో ఒకదాన్నుంచి గీసిన ప్లేటు మీద ఆరోరోజున ఇదే రంగు బూజు పెరిగింది. షబానా తెచ్చి చూపించింది. ఆ పిల్ల నా దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్. బయట ముసురు, ఏసీ కారుతోంది, గది గోడలకి చెమ్మ. నేను తల తిప్పి ఒక్కసారి చూసి, "మూత తెరిచిపెట్టి ఫోన్ చూసుంటావు. బూజు పట్టించావు" అన్నాను. రక్తంలో ఇలాంటి బూజు పెరిగితే ఎక్కువసార్లు గాల్లోంచి పడిందే అయ్యుంటుంది, అది ఎవరైనా చెప్తారు. ఆ పిల్ల ఏదో అనబోయింది. "నోర్ముయ్యి, పారేసి గది శుభ్రం చెయ్యి" అన్నాను. ఏమీ పెరగలేదని రాసి సంతకం పెట్టాను.

ఇప్పుడు షబానాని పిలిచాను. "ఆ రోజు ఏం చెప్పబోయావు?"

ఆ పిల్ల నా చేతిలో ప్లేటు చూసింది. "గీత మీదే ఉంది మేడమ్ ఆ బూజు. అంచున కాదు. అదే చెప్పబోయాను."

మా పని తెలియనివాళ్లకి ఈ మాట అర్థం కావాలి. రక్తాన్ని ప్లేటు మీద సన్నటి తీగతో గీతలు గీస్తాం. గాల్లోంచి పడింది ఎక్కడ పడితే అక్కడ పెరుగుతుంది. రోగి నుంచి వచ్చింది గీత మీదే పెరుగుతుంది. మొదటి ఏడాది చదివేవాళ్లకి చెప్పే పాఠమిది. ఎన్నోసార్లు నేనే చెప్పాను. ఆ రోజు గీత చూడలేదు, ఆ పిల్ల మొహం చూసి తీర్పు చెప్పేశాను. అందర్నీ అనుమానించే నాకు నా కన్ను మీద మాత్రం అనుమానం రాలేదు. చచ్చేంత సిగ్గేసింది.

సిగ్గుపడుతూ కూర్చోవడానికి టైము లేదు. మైక్రోస్కోపులో చూస్తే ఆస్పర్జిల్లస్ టెర్రియస్. మట్టిలో, గడ్డిలో, ఎరువులో ఉండేదే. ఆవిడ గుండెలోకి ఎప్పుడు ఎలా చేరిందో ఎవరూ చెప్పలేరు. కానీ ఈ ఒక్క రకానికి యాంఫోటెరిసిన్ పనిచెయ్యదు. అంటే ఆవిడ కిడ్నీలని ఊరికే కాలుస్తున్నాం. ఫోన్‌లో కాదని ఆస్పత్రికి పరిగెత్తాను. హరిగారికి పేరు చెప్పాను. పారేసిన ప్లేటు సంగతీ చెప్పాను.

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశారు. "ఒక్క లైను రాసి ఉండాల్సిందండీ. బూజు కనపడింది, అనుమానంగా ఉంది, మళ్లీ రక్తం పంపండి, అని. ఆ ఒక్క లైనుంటే అప్పుడే మళ్లీ పంపేవాణ్ని" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్లాయనకి ఇప్పుడు చెప్పకండి. ముందు మందు మారుద్దాం" అన్నారు. ఆ పూటే ఈ రకానికి పనిచేసే వోరికొనజోల్ మొదలైంది. నాలుగురోజుల్లో జ్వరం దిగింది. మందు ఒక్కటే సరిపోదు, బూజు పట్టిన కవాటాన్ని తీసి మార్చాల్సిందే. విజయవాడ పంపడానికి ఏర్పాట్లు చేశారు. వెళ్లే ముందు నల్లబడ్డ కాలివేళ్లు ఐదూ తీసేశారు.

చెప్పకుండా ఉండొచ్చు అనుకున్నాను. నిజం చెబుతున్నా, అనుకున్నాను. అడుసు తొక్కాను, కాలు కడుక్కుని ఎవరికీ తెలియకుండా ఇంట్లోకి పోదామనుకున్నాను. కానీ విజయవాడ బయలుదేరే రోజు కోటయ్య ల్యాబుకొచ్చాడు. రిపోర్టుల కాపీలన్నీ వరసగా పెట్టుకున్నాడు.

"అమ్మా, ఒక్క మాట. నిన్నొక్కదాన్నే నమ్మి అడుగుతున్నా. ఈ బూజు ఇప్పుడే దొరికిందా, ముందే దొరికి దాచారా?"

నన్నొక్కదాన్నే నమ్మాడట. లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి! ఆ మాట అనకపోయినా బాగుండేది.

"ముందే దొరికింది" అన్నాను. "నేను గాల్లోంచి పడిందనుకుని పారేశాను. ఆ పిల్ల చెప్పబోతే విన్లేదు. తప్పు నాది."

అరుస్తాడనుకున్నాను. చెయ్యి చేసుకుంటాడేమోనని షబానా అడ్డంగా వచ్చి నిలబడింది కూడా. ఆయన కాగితాలు ఒక్కొక్కటే ఫైల్లో పెట్టి, తాడు ముడేసి, వెళ్లిపోయాడు. తిట్టినా నాకు అన్నం సయించేది.

ల్యాబు యజమానికి నేనే రాసిచ్చాను. మాట పడ్డాను, పడాల్సిందే. షబానాకి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. ఆ పిల్ల ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అప్పట్నుంచీ నా గదిలో ఒక పద్ధతి పెట్టాను: ఏ ప్లేటైనా ఇద్దరు చూసి, ఇద్దరూ రాసి, అప్పుడే పారెయ్యాలి. నేను ఒక్కదాన్నే చూసింది చెల్లదు.

మూడున్నర నెలలు వాళ్ల కబురు లేదు. ఆవిడ బతికిందని హరిగారి ద్వారా తెలిసింది. వోరికొనజోల్ జీవితాంతం వాడాలి. లోహపు కవాటం ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే బిళ్ల ఒకటుంది, ఈ మందు తోడైతే దాని బలం పెరిగి రక్తం మరీ పలచబడుతుంది. అందుకని పదేపదే ఐఎన్ఆర్ అనే టెస్టు చేయించాలి. రేపల్లెలో చేయించుకుంటున్నారని అనుకున్నాను. మన మొహం మళ్లీ ఎందుకు చూస్తారు?

జనవరిలో ఒకరోజు, పదకొండింటప్పుడు, రక్తం తీసే బల్ల దగ్గర ఒకావిడ కూర్చుంది. సన్నగా ఉంది. చేతికర్ర గోడకి ఆనించింది. ఎడమకాలికి ముందువైపు గుడ్డ కుక్కిన చెప్పు. కోటయ్య వాకిట్లో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"నువ్వేనా అక్కా సుశీలవి?"

"నేనేనమ్మా."

"మా ఆయన చెప్పాడులే. నువ్వు ఆ ప్లేటు పారేసిన రోజుకీ, నా కాలు చల్లబడిన రోజుకీ ఎన్నాళ్లు?"

లెక్క నాకు వెతుక్కోనక్కర్లేదు. "పంతొమ్మిది రోజులు."

ఆవిడ తల వంచి కాలి వంక చూసుకుంది. "నిలబడలేకపోతున్నానక్కా. చేపలు తిరగెయ్యడానికి పోతే గంటకే కూర్చోవాల్సొస్తంది. పంతొమ్మిది రోజులు ముందు మందు పడుంటే వేళ్లు ఉండేయా?"

"ఉండేవని ఒట్టేసి చెప్పలేను. ఉండేవేమో."

"ఇప్పుడట్టాంటిది కనపడితే ఏం చేస్తావు?"

"పారెయ్యనమ్మా. కనపడింది కనపడినట్టు రాస్తాను. రోగిదో, బయటిదో తేల్చుకోలేకపోయానని కూడా రాస్తాను. నా అనుమానం నా దగ్గర ఉంచుకోను, డాక్టరుకి పంపిస్తాను."

"అంతేనా? ఒక్క లైనేగా."

"ఒక్క లైనే."

ఆవిడ చీర కొంగు సర్దుకుని చెయ్యి బల్ల మీద పెట్టింది. ఆవిడకి సూది గుచ్చే మొహం నాకు లేదనిపించింది. షబానాని పిలిచి పక్కకి జరిగాను. షబానా సిరంజి అందుకోబోతుంటే నాగరత్నం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వొద్దమ్మా. ఆవిణ్నే తియ్యనియ్యి" అంది. "ఆవిడ ఇంక పారెయ్యదు."